చిన్న విమానంలో ఇంధనం లెక్క, ఇంజిన్ ఆగితే దిగే దారి: హైదరాబాద్ పైలట్లకు సమగ్ర మార్గదర్శి

ఒంటి ఇంజిన్ విమానంలో ఇంధనం అంటే చేతిలో ఉన్న కాలం. ఇంజిన్ ఆగిపోయాక ఆ కాలాన్ని ఎత్తు ఇస్తుంది. అందుకే ఇక్కడ రెండింటినీ నిమిషాల్లోనే కొలుద్దాం: ట్యాంకులో ఎన్ని నిమిషాలు, కాళ్ల కింద ఎన్ని నిమిషాలు. ఉదాహరణకు తీసుకున్నది పాత సెస్నా 172ఎన్. దాని ట్యాంకుల్లో 43 అమెరికన్ గ్యాలన్లు పడతాయి, అందులో వాడుకోదగ్గవి 40. మీ విమానం వేరైతే అంకెలు దాని హ్యాండ్‌బుక్‌లోంచి తీసుకోండి. లెక్క వేసే తీరు మాత్రం మారదు.

ముందు కొలమానం ఒక్కటి చేసుకోండి

మన దగ్గర బౌజర్ (ఇంధనం పోసే ట్యాంకరు) మీటరు లీటర్లు చూపిస్తుంది. హ్యాండ్‌బుక్ గ్యాలన్లలో మాట్లాడుతుంది. బరువు లెక్క పౌండ్లలోనో కిలోల్లోనో ఉంటుంది. మూడు భాషల మధ్య తడబడితే ఏమవుతుందో 1983 జూలైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767 చూపించింది. కావలసింది 22,300 కిలోలు. లీటర్లను కిలోల్లోకి మార్చడానికి 0.8తో గుణించాల్సిన చోట పౌండ్లకు వాడే 1.77తో గుణించారు. అవసరమైన దాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది, దారిలో రెండు ఇంజిన్లూ ఆగాయి, గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో గ్లైడ్ చేసి దించారు. అంత పెద్ద విమానంలో, ఇద్దరు పైలట్లు చూసుకున్నాక జరిగిన తప్పు ఇది.

ఏవ్‌గ్యాస్‌కు, అంటే చిన్న విమానాల పెట్రోలుకు, గుర్తుంచుకోవాల్సినవి మూడే: అమెరికన్ గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, గ్యాలన్ బరువు 6 పౌండ్లు, లీటరు బరువు 0.72 కిలో. 40 గ్యాలన్లంటే 151 లీటర్లు. మిగతా 3 గ్యాలన్లు, అంటే 11 లీటర్లు, ట్యాంకు అడుగున ఉంటాయి గానీ ఇంజిన్‌కు అందుతాయన్న భరోసా లేదు. వాటిని లెక్కలోకి రానివ్వకండి.

ఇప్పుడు లీటర్లను నిమిషాలుగా మార్చండి. మిక్స్చర్ సరిగ్గా సన్నం చేసిన (గాలిలో కలిసే ఇంధనాన్ని తగ్గించిన) 172ఎన్ క్రూజ్‌లో, అంటే ఒకే ఎత్తులో సాగేటప్పుడు, గంటకు 32 లీటర్లు తాగుతుందనుకుందాం. 151 లీటర్లంటే 283 నిమిషాలు. మోకాలి మీది కాగితంలో రాయాల్సింది ఈ 283. దాని పక్కన లీటర్లు రాసుకున్నా, నిర్ణయాలు మాత్రం నిమిషాల మీదే తీసుకోండి. గాలిలో ఉన్న మనిషికి గడియారం కనిపిస్తుంది, ట్యాంకు అడుగు కనిపించదు.

బేగంపేట నుంచి గన్నవరం, మళ్లీ వెనక్కి: లెక్క ఎక్కడ తప్పుతుంది

బేగంపేట నుంచి విజయవాడ గన్నవరానికి నేరుగా సుమారు 145 నాటికల్ మైళ్లు. వెళ్లేటప్పుడు ట్రాకు (నేల మీద సాగే దిశ) 112 డిగ్రీలు, వచ్చేటప్పుడు 292. పోయే దిశను బట్టి ఎత్తు నిర్ణయించే అర్ధవృత్తపు నియమం ప్రకారం వెళ్లేటప్పుడు 5,500 అడుగులు, వచ్చేటప్పుడు 4,500 లేదా 6,500. విమానం అసలు వేగం 110 నాట్లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు). వానాకాలపు రోజు, గాలి 250 డిగ్రీల నుంచి 25 నాట్లు. ఇది విడ్డూరమైన గాలేమీ కాదు. రుతుపవనాల పడమటి గాలి సుమారు 5,000 అడుగుల దగ్గరే బలంగా ఉంటుంది, అంటే సరిగ్గా మనం ఎగిరే ఎత్తులో.

వెళ్లేటప్పుడు నేల మీది వేగం 127 నాట్లు, 69 నిమిషాలు. వచ్చేటప్పుడు 90 నాట్లు, 97 నిమిషాలు. ఒకే దారికి 28 నిమిషాల తేడా.

వెళ్లే లెక్క: స్టార్ట్, ట్యాక్సీ, టేకాఫ్‌కు 4 లీటర్లు. ఎక్కడానికి అదనంగా 4. దారికి 37. మొత్తం 45. గన్నవరంలో దిగేసరికి ట్యాంకుల్లో 106 లీటర్లు. చాలామంది ఇక్కడ చేసే ఆలోచన: రావడానికి 45 ఖర్చయింది, పోవడానికీ అంతే, ఇంకా 60 మిగులుతాయి. ఇప్పుడు అసలు లెక్క చూడండి.

స్టార్ట్, ట్యాక్సీ, టేకాఫ్: 4 లీటర్లు
ఎక్కడానికి అదనం: 4
దారి, 97 నిమిషాలు: 52
మబ్బు చుట్టూ తిరగడం, గాలి అంచనా తప్పడం వగైరాలకు దారిలో పదో వంతు: 5
బేగంపేటలో దిగనివ్వకపోతే వేరే చోటికి, 30 నిమిషాలు: 16
చివరి నిల్వ (దిగాక కూడా ట్యాంకులో మిగలాల్సింది), 60 నిమిషాలు: 32
మొత్తం: 113

ఉన్నది 106. ఏడు లీటర్లు, అంటే 13 నిమిషాలు తక్కువ. పగటిపూట కళ్లతో బయట చూసి నడిపే విజువల్ ఫ్లయిట్‌కు అంతర్జాతీయ కనీస ప్రమాణం 30 నిమిషాల చివరి నిల్వ. దాని ప్రకారం అయితే 97 లీటర్లు చాలు, హాయిగా బయల్దేరవచ్చు. మా అభిప్రాయం వేరు. ఆ 30 నిమిషాలు ఇంజిన్ కొత్తది, మిక్స్చర్ సరిగ్గా ఉంది, డిప్‌స్టిక్ అబద్ధం చెప్పలేదు అన్న నమ్మకాల మీద నిలబడ్డ 30 నిమిషాలు. అరువు తెచ్చుకున్న శిక్షణ విమానంలో అవేవీ మీ చేతిలో ఉండవు. చివరి నిల్వ గంట పెట్టుకోండి.

వేరే చోటికి 30 నిమిషాలు ఎందుకన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే శంషాబాద్ బేగంపేటకు నేరుగా 13 మైళ్లే. కానీ శంషాబాద్‌లో మీ వెనకా ముందూ ఎయిర్‌లైన్ జెట్లు వరసలో ఉంటాయి. మిమ్మల్ని పక్కకు తిప్పుతారు, ఆపుతారు, వరసలో ఖాళీ దొరికినప్పుడు దూరుస్తారు. బేగంపేట చుట్టూ హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాల ట్రాఫిక్ ఉంది. వీఐపీ మూవ్‌మెంట్ ఉంటే మిమ్మల్ని నగరం బయటే చక్కర్లు కొట్టమంటారు, అది ఎంతసేపో ముందు చెప్పరు. వింగ్స్ ఇండియా లాంటి ప్రదర్శనలప్పుడు ఫీల్డ్ వేళలు మారిపోతాయి. నోటమ్ (విమానాశ్రయ మార్పుల నోటీసు) చదవకుండా వెళ్లి, తిరిగొచ్చేసరికి మూసిన రన్‌వే మీదికి రావడం కంటే ఆ అరగంట మోసుకురావడం నయం.

ఆ 13 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? గన్నవరంలో నింపుకోవచ్చు, కానీ ముందు రోజే ఫోన్ చేసి ఏవ్‌గ్యాస్ ఉందా, ఎన్ని గంటలకు పోస్తారు అని అడగాలి. జెట్ ఇంధనం ఉన్న ప్రతి విమానాశ్రయంలో ఏవ్‌గ్యాస్ ఉండదు. మధ్యలో ఆగి పోయించుకునే చోటూ లేదు. లేదా గాలి తక్కువగా ఉన్న ఎత్తు ఎంచుకోవచ్చు. 4,500లో ఎదురుగాలి పది నాట్లు తగ్గినా దారి 10 నిమిషాలు కుదించుకుపోతుంది, కొరత చాలావరకు తీరుతుంది. అవేవీ కుదరకపోతే ఆ రోజు ఆ విమానంతో ఆ ప్రయాణం లేదు.

పోయించడం, చూడడం

బౌజర్ మీద రాసింది చదవండి, తర్వాత నాజిల్ చూడండి, తర్వాత రంగు చూడండి. 100ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్ లేత నీలం. జెట్ ఏ-1 గడ్డి రంగులో, లేదా రంగు లేకుండా ఉంటుంది. డీజిల్ ఇంజిన్ ఉన్న డైమండ్ కంపెనీ చిన్న విమానాలు జెట్ ఇంధనంతో నడుస్తాయి కాబట్టి, చిన్న విమానం కనిపిస్తే ఏవ్‌గ్యాసే అనుకునే కాలం పోయింది, పోసేవాళ్లకూ పొరపాటు పడే ఆస్కారం ఉంది. ఏవ్‌గ్యాస్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పడితే ట్యాక్సీకి, టేకాఫ్‌కు సరిపడా లైన్లలో పాత పెట్రోలు ఉంటుంది. ఆగిపోయేది సరిగ్గా మూడు నాలుగు వందల అడుగుల దగ్గర. పోస్తున్నంతసేపూ పక్కనే నిలబడండి. బంకులోని ఇథనాల్ కలిసిన పెట్రోలు ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వద్దు. అది నీటిని పీల్చుకుంటుంది, సీళ్లను పాడుచేస్తుంది, వేడిలో తొందరగా ఆవిరై లైన్లను అడ్డుకుంటుంది.

తర్వాత రెక్క ఎక్కి డిప్‌స్టిక్‌తో కొలవండి. ఆ విమానానికి గుర్తులు పెట్టిన డిప్‌స్టిక్‌తోనే, నేల సమంగా ఉన్నచోటే. వాలు మీద పార్క్ చేసిన 172లో సెలెక్టర్ (ఏ ట్యాంకు వాడాలో ఎంచే మీట) రెండు ట్యాంకుల మీద వదిలేస్తే పై ట్యాంకులోది కింది ట్యాంకులోకి జారుతుంది, కొన్నిసార్లు వెంట్ (ట్యాంకుకు గాలి అందించే గొట్టం) గుండా నేల మీదికీ. అందుకే పార్కింగ్‌లో సెలెక్టర్ ఎడమకో కుడికో తిప్పి ఉంచండి. గేజీలను చూడండి, కానీ కొలతగా వాడకండి. గేజీ, డిప్‌స్టిక్, గత ఫ్లయిట్ లెక్క మూడూ ఒప్పకపోతే తక్కువ చూపించేదాన్ని నమ్మండి. గేజీ ఉన్నట్టుండి పడిపోవడం మొదలెడితే మాత్రం గేజీ పాడైందని తోసిపుచ్చకండి, ట్యాంకు కారుతుండవచ్చు.

నీళ్ల సంగతి హైదరాబాద్‌లో జూన్ నుంచి అక్టోబరు దాకా ప్రత్యేకంగా చూసుకోవాలి. సగం ట్యాంకుతో బయట నిలిపిన విమానంలో రాత్రి చల్లబడిన గాలి లోపలే తేమ వదులుతుంది. మూత రబ్బరు ఎండలకు పగిలి ఉంటే మొదటి వానకే నీరు దిగుతుంది. ప్రతి డ్రెయిన్ నుంచి, స్ట్రెయినర్ నుంచి నమూనా తీసి తెల్లటి నేపథ్యం మీద పట్టి చూడండి. నీరు అడుగున గోళీలా కూర్చుంటుంది. కప్పు నిండా నీరే అయితే గీత కనిపించదు, మొత్తం శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే రంగు నీలమా కాదా అన్నది విడిగా చూడాలి, వాసన చూడాలి. నీరు కనిపిస్తే రెక్కలను మెల్లగా ఊపి, పది నిమిషాలు ఆగి, శుభ్రమైన నమూనా వచ్చేదాకా మళ్లీ తీయండి. ఎన్నిసార్లు తీసినా వస్తూనే ఉంటే విమానాన్ని ఇంజినీరుకు అప్పగించండి.

రెక్క కింది వెంట్ గొట్టంలో వేలు పెట్టి చూడడం చాలామంది మానేస్తారు. మట్టి కందిరీగ రెండు మూడు రోజుల్లో అందులో మట్టి గూడు కట్టేస్తుంది. వెంట్ మూసుకుపోతే ట్యాంకు నిండా ఇంధనం ఉన్నా ఖాళీ ఏర్పడి కిందికి దిగదు. మూతలు మీ చేత్తో మీరే బిగించండి. సరిగ్గా కూర్చోని మూత గుండా రెక్క మీది గాలి ఇంధనాన్ని పీల్చేస్తుంది, నింపిన ట్యాంకు గంటలో ఎండిపోవచ్చు.

ఒక మాట బరువు గురించి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టానికి లెక్కించిన గాలి పీడనం) 1004 ఉన్నప్పుడు 1,741 అడుగుల బేగంపేట ఇంజిన్‌కూ రెక్కకూ సుమారు 5,700 అడుగుల కొండలా ఉంటుంది. నలుగురు మనుషులు, నిండు ట్యాంకులు కుదరవు. అప్పుడు తగ్గించాల్సింది మనిషినో సామానునో. మార్జిన్ ఇంధనాన్ని తోడి తూకం సరిచేయకండి. చల్లటి పొద్దున ఆరింటికి లేస్తే రెండూ కుదరవచ్చు.

గాలిలో

ఇంధనంతో ఇంజిన్ ఆగడంలో రెండు రకాలు. ట్యాంకులు నిజంగా ఎండిపోవడం ఒకటి. ఇంధనం విమానంలోనే ఉండి ఇంజిన్‌కు అందకపోవడం ఇంకొకటి. రెండోది మరీ బాధాకరం, ఎందుకంటే అది చేతికి అందేంత దూరంలో ఉన్న సెలెక్టర్‌తో తీరేది. పైపర్ పీఏ-28 లాంటి కింది రెక్క విమానాల్లో రెండు ట్యాంకులూ కలిపి వాడే స్థానం లేదు. ప్రతి 30 నిమిషాలకూ గడియారం చూసి మార్చాలి: ముందు ఎలక్ట్రిక్ పంపు ఆన్, తర్వాత సెలెక్టర్, ప్రెషర్ చూడడం, ఒక నిమిషం ఆగి పంపు ఆఫ్. మార్చడం ఎప్పుడూ దిగడానికి అనువైన నేల కనిపిస్తున్నప్పుడు, సర్క్యూట్‌లోకి (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి) వచ్చే ముందు. టేకాఫ్ ముందు చివరి నిమిషంలో ట్యాంకు మార్చి వెంటనే లేవకండి. కొత్త ట్యాంకు మీద రన్-అప్ (టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్ష) పూర్తయ్యేంతసేపు నడిపి చూడాలి.

హ్యాండ్‌బుక్ పట్టికల్లోని ఖర్చు మిక్స్చర్ సన్నం చేసినప్పటిది. మిక్స్చర్ ఎర్ర నాబ్‌ను మొత్తం లోపలే ఉంచి విజయవాడ దాకా వెళితే లెక్క కాగితం మీదే మిగులుతుంది. పవర్ 75 శాతం లోపుకు వచ్చాక ఆర్‌పీఎం పెరిగి పడబోయే చోటుకు లాగి, అక్కడి నుంచి కొంచెం లోపలికి నెట్టండి. ఎత్తు మారితే మళ్లీ చేయండి. దిగడం మొదలెట్టేటప్పుడు మళ్లీ చిక్కగా చేయడం మర్చిపోకండి.

కార్బొరేటర్ ఉన్న ఇంజిన్లలో మంచు హైదరాబాద్ వాళ్లు నమ్మని శత్రువు. బయట 25 డిగ్రీలున్నా, తేమ ఎక్కువగా ఉంటే వెంచురీలో (దానిలో గాలి పోయే ఇరుకు గొట్టంలో) ఉష్ణోగ్రత సున్నాకు దిగవచ్చు. వానాకాలంలో మబ్బుల కింద తక్కువ పవర్‌తో దిగేటప్పుడు ఇది మామూలే. ఆర్‌పీఎం మెల్లగా జారితే కార్బ్ హీట్ (కార్బొరేటర్‌కు వేడిగాలి పంపే మీట) పూర్తిగా లాగండి. ముందు ఇంకా పడుతుంది, ఇంజిన్ దగ్గుతుంది. భయపడి హీట్ వెనక్కి నెట్టేయడమే ఇక్కడ జరిగే తప్పు. కరిగిన నీరు పోయేదాకా ఓపిక పడితే ఆర్‌పీఎం తిరిగి లేస్తుంది.

ప్రతి 30 నిమిషాలకూ మూడు అంకెలు రాయండి: ఎన్ని మైళ్లు వచ్చాం, ఎన్ని నిమిషాల ఇంధనం మిగిలింది, ఇంకా ఎన్ని నిమిషాలు పోవాలి. తిరుగు ప్రయాణంలో మొదటి అరగంటలో 45 మైళ్లు రావాలి. 38 మాత్రమే వస్తే వేగం 76 నాట్లు, మొత్తం దారి 97 నుంచి 114 నిమిషాలకు పోయింది. సూర్యాపేట ఈ దారికి దాదాపు నడిమధ్య, తిరిగొచ్చేటప్పుడు మీ కుడిపక్క కొంచెం దూరంలో కనిపిస్తుంది. దాన్ని నిర్ణయపు గీతగా ముందే పెట్టుకోండి: అక్కడికి చేరేసరికి, హైదరాబాద్‌లో గంట నిల్వతో దిగుతామని లెక్క చెప్పకపోతే వెనక్కి తిరగడం. వెనక్కి వెళితే అదే గాలి మిమ్మల్ని తోస్తుంది, గంటకు తక్కువలోనే గన్నవరం. హయత్‌నగర్ కనిపించాక ఈ ఆలోచన వస్తే పనికిరాదు.

అయినా తక్కువ పడితే చెప్పడానికి రెండు మాటలున్నాయి. ‘మినిమమ్ ఫ్యూయెల్’ అంటే ఇక ఒక్క చోటే దిగగలం, ఇంకా ఆలస్యం చేస్తే చివరి నిల్వలోకి పోతాం అని. అది ఎమర్జెన్సీ కాదు, ప్రాధాన్యం కూడా ఇవ్వదు, కంట్రోలర్‌కు పరిస్థితి తెలుస్తుంది అంతే. దిగేసరికి చివరి నిల్వ కంటే తక్కువే ఉంటుందని లెక్క తేలితే ‘మేడే, మేడే, మేడే, ఫ్యూయెల్’. ‘ఇంధనం కొంచెం తక్కువుంది సార్’ అని మొహమాటంగా నసిగితే కంట్రోలర్‌కు ఏమీ అర్థం కాదు. సరైన మాట వాడండి, దారి వాళ్లు ఖాళీ చేస్తారు. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగా మంచి నేల ఎంచుకుని దిగడం కూడా ఒక మార్గమే. ఒకసారి పైనుంచి చూసి, పవర్ చేతిలో ఉండగా దిగే అవకాశం ఆఖరి లీటరు దాకా ఆగినవాళ్లకు ఉండదు.

టేకాఫ్‌లో ఆగితే

బేగంపేట రన్‌వే మూడు కిలోమీటర్ల పైచిలుకు. 172 అర కిలోమీటరులో లేస్తుంది. మామూలు రోజున నిమిషానికి 600 అడుగులు ఎక్కుతూ 300 అడుగులకు చేరేసరికి ఇంకా కిలోమీటరున్నర రన్‌వే ముందుంటుంది. అక్కడ ఆగితే ముక్కు దించి, ఫ్లాప్స్ (రెక్క వెనక కిందికి దించే రేకులు) వేసి, అదే రన్‌వే మీద ఆగవచ్చు. టైమ్ కలిసొస్తుందని మధ్య ట్యాక్సీవే నుంచి లేస్తే ఈ మొత్తం పోతుంది, దాటాక ఉన్నవి ఇళ్లే. పూర్తి పొడవు అడగండి.

లైనప్‌కు ముందు పైకే చెప్పుకోండి: రన్‌వే మిగిలి ఉంటే దాని మీదే. లేకపోతే ముందు 30 డిగ్రీలు ఎడమకు, 30 కుడికి ఉన్న ఖాళీ. ఇంత ఎత్తు దాటితేనే వెనక్కి. ఆ ‘ఇంత’ ఎవరో చెప్పిన అంకె కాకూడదు. ఇన్‌స్ట్రక్టర్‌తో 4,000 అడుగుల ఎత్తున కొలవండి: ఎక్కే వేగంలో పవర్ మూసి, నాలుగు సెకన్లు ఆగండి, ఎందుకంటే నిజంగా జరిగినప్పుడు నమ్మడానికి అంత పడుతుంది. తర్వాత 45 డిగ్రీల వాలులో 270 డిగ్రీలు తిరిగి ఎంత ఎత్తు పోయిందో చూడండి. దానికి సగం కలపండి. అంతకంటే తక్కువ ఎత్తులో వెనక్కి తిరిగే ఆలోచనే వద్దు. 45 డిగ్రీల వాలులో స్టాల్ వేగం (రెక్క ఇక విమానాన్ని మోయలేని వేగం) 19 శాతం, 60 డిగ్రీల్లో 41 శాతం పెరుగుతుంది. రన్‌వే అందదేమోనని రడ్డర్‌తో ముక్కు నెట్టే కాలికి స్పిన్ (గింగిరాలు తిరుగుతూ పడిపోవడం) ఎదురవుతుంది, దాన్ని సరిచేసే ఎత్తు అక్కడ ఉండదు.

క్రూజ్‌లో ఆగితే

మొదటి పని వేగం. 172ఎన్ నిండు బరువులో 65 నాట్లు, తేలికగా ఉంటే కొంచెం తక్కువ. ఆ వేగంలో నిమిషానికి సుమారు 730 అడుగులు దిగుతుంది, వెయ్యి అడుగులకు మైలున్నర పోతుంది. ఇక నిమిషాలు లెక్కపెట్టండి. సూర్యాపేట దగ్గర నేల హైదరాబాద్ కంటే వెయ్యి అడుగులకు పైగా కిందుంది, 6,500లో ఉంటే ఏడెనిమిది నిమిషాలున్నాయి. నగరం అంచున ఆల్టిమీటర్ 3,500 చూపిస్తే ఉన్నది 1,700 అడుగులే, రెండు నిమిషాల చిల్లర. ఆల్టిమీటర్ అంకె చూసి ధైర్యపడకండి, నేల ఎత్తు తీసేయండి.

రెండోది గాలి. 25 నాట్ల గాలికి ఎదురుగా గ్లైడ్ చేస్తే నేల వేగం 40, గాలితో పోతే 90. వెనకవైపు రెండింతలు దూరం అందుతుంది. కాబట్టి పొలం కోసం ముందు గాలివాటున చూడండి, చివర్లో గాలికి ఎదురు తిరిగి దిగండి. ఇటుక బట్టీల పొగ, కొయ్యకాళ్లు కాల్చే పొగ, ట్రాక్టర్ దుమ్ము గాలి చెబుతాయి. చెరువులో నీరు ఏ గట్టు పక్కన నున్నగా ఉందో గాలి ఆ గట్టు వైపు నుంచి వస్తోంది.

పొలం ఎంచుకుని అటు తిరిగాకే ఇంజిన్ సంగతి. చేయి ఒకే వరసలో కదలాలి: సెలెక్టర్ ఇంకో ట్యాంకుకు, పంపు ఉంటే ఆన్, మిక్స్చర్ చిక్కగా, కార్బ్ హీట్ ఆన్, ప్రైమర్ (స్టార్ట్‌కు ఇంధనం చిమ్మే చేతి పంపు) లాక్, మ్యాగ్నెటోలు (స్పార్క్ ఇచ్చేవి) ఒక్కొక్కటిగా. కార్బ్ హీట్‌ను తొందరగా లాగడం ముఖ్యం, ఎందుకంటే ఇంజిన్ చల్లబడిపోతే మంచు కరిగించే వేడి కూడా మిగలదు. ఒకసారి మొత్తం చేసి చూడండి. రాకపోతే రాలేదు. రెండోసారి, మూడోసారి కిందికి వంగి వెతుకుతూ పొలాన్ని పోగొట్టుకోకండి.

రేడియోలో ఉన్న ఫ్రీక్వెన్సీలోనే మేడే మూడుసార్లు, కాల్‌సైన్, ఇంజిన్ ఆగింది, ఎక్కడున్నాం, ఎత్తు, ఎటు దిగుతున్నాం, ఎంతమంది. జవాబు లేకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు గుర్తు పంపే పరికరం) ఎమర్జెన్సీ కోడ్ 7700. కిందికి పోయాక రేడియో అందదు కాబట్టి ఎత్తున్నప్పుడే చెప్పాలి.

పొలం మీదికి నేల నుంచి సుమారు 2,500 అడుగుల్లో చేరి, దిగే చోటు పక్కనుంచి 1,500 దగ్గర పోయి, చుట్టి బేస్‌లోకి, అంటే చివరి మలుపు ముందరి అడ్డదారిలోకి, రండి. గురి పొలం మొదట్లో కాదు, మూడో వంతు లోపల పెట్టుకోండి. ఫ్లాప్స్‌తో, స్లిప్‌తో (విమానాన్ని పక్కవాటుగా జార్చడం) గురిని వెనక్కి తెచ్చుకోవచ్చు, ముందుకు తీసుకెళ్లే మార్గం మాత్రం లేదు. తప్పకుండా చేరుతామని తేలేదాకా ఫ్లాప్స్ ముట్టుకోకండి. తక్కువైతే ముక్కు పైకెత్తి సాగదీయాలని చేయి లాగుతుంది, వేగం పడి విమానం ఇంకా ముందే కూలుతుంది.

మన చుట్టుపక్కల నేల

వరి మడి పైనుంచి పచ్చిక బయలులా కనిపిస్తుంది. వానాకాలం పంటలోనైనా యాసంగిలోనైనా నీళ్లుంటే ముక్కు చక్రం దిగబడి విమానం బోర్లా పడుతుంది. కోత అయిపోయి ఎండిన మడి మంచిదే, ఒడ్లకు అడ్డంగా కాకుండా పొడుగునా దిగితే. ఎర్ర చెలక గట్టిగా ఉంటుంది, రాళ్లున్నా మేలు. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిచ్చి, వానలో బంకలా మారుతుంది. పత్తి, కంది అక్టోబరు నాటికి నడుము ఎత్తు దాటుతాయి. తప్పనిసరైతే పంట పైభాగమే నేల అనుకుని, దాని మీద ఆపాలి. గట్ల వెంట తాటిచెట్లున్నచోట వరసకు సమాంతరంగా పోండి.

ఎండిన చెరువు ఏప్రిల్, మే నెలల్లో ఆశ పెడుతుంది. అంచున, పగుళ్లు తేలి తెల్లబారిన నేల గట్టిది. నడుమ ముదురు రంగులో ఉంటే అడుగున బురద ఉంది. చెలకల్లో గోడలేని పెద్ద బావులు గుండ్రటి నీడలా కనిపిస్తాయి, బోరు ఉన్నచోటికి కరెంటు స్తంభాలు తప్పకుండా వస్తాయి. తీగలు కనిపించవు, స్తంభాలు, వాటి నీడలు కనిపిస్తాయి. రెండు స్తంభాల మధ్య తీగ ఉందనే అనుకోండి, దాటాల్సి వస్తే స్తంభం మీదుగా దాటండి. గుట్టలు, బండరాళ్లున్నవైపు అసలు పోకండి.

నగరం చుట్టూ వెంచర్లు మోసం చేస్తాయి. చదును చేసిన నేల, తిన్నటి రోడ్లు, అచ్చం రన్‌వే. కిందికి వచ్చాక మోకాలెత్తు హద్దు రాళ్లు, రెండు వైపులా దీపస్తంభాలు తేలతాయి. స్తంభాలింకా పాతని కొత్త వెంచర్ అయితే రోడ్డు మధ్యలో దిగవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు వెడల్పైనదే, కానీ దీపాలు, సైన్‌బోర్డు గ్యాంట్రీలు, గంటకు వంద దాటి పోయే కార్లు ఉన్నాయి. కింద ఉన్నవాళ్ల ప్రాణం పణంగా పెట్టి దిగే హక్కు మనకు లేదు. పక్కనున్న పొలం ఎంత చెడ్డదైనా ముందు దాన్నే చూడండి.

నేల తాకేటప్పుడు, తాకాక

దిగడం ఖాయమయ్యాక: మిక్స్చర్ పూర్తిగా బయటికి, సెలెక్టర్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్. 172లో ఫ్లాప్స్ కరెంటుతో నడుస్తాయి కాబట్టి అవి వేశాకే మాస్టర్ ఆఫ్. తలుపులు కొంచెం తెరిచి పెట్టండి, ఫ్రేమ్ వంగితే తర్వాత తెరుచుకోవు. బెల్టులు, భుజం పట్టీలు బిగించి, కళ్లజోడు, పెన్నులు తీయించండి.

వీలైనంత తక్కువ వేగంలో, తోక కిందికి ఉంచి తాకండి. 70 నాట్లతో తాకితే 50తో తాకినదాని కంటే దాదాపు రెండింతలు శక్తి ఖర్చు కావాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 9 జీ (శరీర బరువుకు తొమ్మిది రెట్ల బలం) తో ఆగడానికి మూడు మీటర్లు చాలు, అదే 160 అయితే పదకొండు మీటర్లు దాటుతుంది. పంట, పొదలు, చివరికి రెక్కలు విరగడం కూడా ఆ మీటర్లు ఇవ్వగలవు. విమానాన్ని కాపాడాలని చూడకండి, క్యాబిన్‌ను కాపాడండి. రెండు చెట్ల మధ్యకు పోనివ్వండి, ఒక చెట్టుకు ముక్కుతో పోకండి.

ఆగగానే అందరూ దిగి గాలి వచ్చే వైపు నడవండి. లెక్కపెట్టండి. ఈఎల్‌టీ (ప్రమాద స్థలాన్ని తెలిపే రేడియో) స్విచ్ ఆన్ చేసి, 112కు ఫోన్ చేయండి. అయిదు నిమిషాల్లో ఊరు ఊరంతా వస్తుంది, సాయమూ చేస్తుంది. మొదటి మాటగా బీడీ, సిగరెట్ ఆర్పమనండి, తర్వాత పెద్దమనుషులెవరినైనా పిలిచి జనాన్ని యాభై అడుగుల దూరంలో నిలబెట్టమని అడగండి. ఏటీసీకి, సంస్థకు చెప్పండి, డీజీసీఏకూ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ), ఏఏఐబీకీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) సమాచారం వెళ్లాలి. మనుషుల్ని బయటికి తీయడానికి తప్ప విమానాన్ని కదపకూడదు. రెక్కల్లోంచి పెట్రోలు ఎవరూ తోడుకుపోకుండా చూడండి. ట్యాంకుల్లో ఎంత మిగిలిందో, అందులో ఏం కలిసిందో దర్యాప్తుకు కావాలి. మోకాలి మీది ఆ కాగితం కూడా భద్రం చేయండి.